బాడుగకు బోవు ట్రాక్టరు ట్రక్కు

సేద్యమునకై కొన్న ట్రాక్టరునకు ట్రక్కు తగిలించి, వంటవారి గుండిగలను, వారి పేరుపలకను ఎక్కించి, విశాఖపట్టణమున ద్వారకానగర్‌లోని పెండ్లికి బాడుగకు పంపుట తగునా? బండిపై వ్రాసిన పేరు కాదు, దాని వాడుకయే ముఖ్యము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ననుసరించి బాడుగ రవాణాకు పర్మిట్టు కావలెను. ట్రక్కునకు వేరుగ రిజిస్ట్రేషను ఉండవలెను. లాగెడు ట్రాక్టరు నంబరును ట్రక్కు వెనుక కనబడవలెను.

సేద్యమునకే బీమా చేసిన బండి, పర్మిట్టు లేక బాడుగకు బోయి మనుష్యుని గాయపరచినచో, బీమాసంస్థ తన బాధ్యతను కాదనుటకు చట్టమే త్రోవ నిచ్చుచున్నది. అప్పుడు నష్టపరిహారము యజమాని నెత్తిన బడును. పొలము నమ్ముకొనవలసి రావచ్చును. నాలుగు రూకల బాడుగకై నాలుగెకరములను పణమొడ్డవలదని మీ యూరి యువకులకు బోధింపుడు. బండి కదలకమునుపే కాగితములు చూడుడు.