ఇంటికి కాపలా కన్ను : మన చేతులతో నిర్మించుకొనగల కెమెరా వ్యవస్థ

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు అని మనకొక సామెత ఉన్నది. ఇంటి రక్షణ విషయంలో మనలో పెక్కుమంది స్థితి ఇదే. సొత్తు పోయిన తరువాత తాళం మారుస్తాము. నాలుగు దినాలు గడిస్తే ఆ సంగతి మరచిపోతాము. కొంతకాలం క్రిందట మా ఇంటి ముంగిట నుండి నీటి మోటారును ఎవరో రాత్రికి రాత్రి విప్పి తీసుకొనిపోయినారు. ఆ మోటారు వెల కంటె మా అమ్మీ మనసులో మిగిలిన భయం పెద్దది. నేను కళాశాలలో ఉన్న వేళ ఆమె ఇంట ఒంటరిగా ఉండవలె. ఎవరు తలుపు తట్టినా లేచి వెళ్ళి తీసేందుకు జంకేది. ఆ భయాన్ని తీర్చవలెనన్న తలంపుతో నేనీ పనికి పూనుకొన్నాను.

తెలుగు పాఠాలు చెప్పుకొనే వానికి ఈ యంత్రాల గొడవ ఏల అని మిత్రులు నవ్వినారు. కాని భౌతికశాస్త్ర శాఖలోని సహాధ్యాపకుల సాయంతో కొంత నేర్చుకొన్నాను. నేర్చినంతలో విద్యార్థి మిత్రులకు ఉపయోగపడగలదని తోచిన విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తాను.

పూర్వరంగం

దూరాన జరిగే దానిని తెర మీద చూచే ప్రయత్నం యుద్ధకాలంలో మొదలైనది. 1942లో జర్మనీలో వి-2 రాకెట్ల ప్రయోగాన్ని ప్రాణాపాయం లేని దూరం నుండి గమనించేందుకు ఇట్టి కెమెరాలను వాడినారు. ఆ కన్నును ఇంటి గుమ్మానికి తెచ్చినది మాత్రం ఒక సామాన్య గృహిణి. న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో నివసించిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి మహిళ నర్సుగా పనిచేసేది. ఆమె, విద్యుత్ పరికరాల నిపుణుడైన ఆమె భర్త ఆల్బర్ట్ బ్రౌన్, వేళాపాళా లేని ఉద్యోగాలు చేసేవారు. ఆ పేటలో నేరాలు ఎక్కువ. పిలిచినప్పుడు పోలీసులు వచ్చేది ఆలస్యంగా. ఒంటరిగా ఉన్న వేళ తలుపు తీయకుండానే వచ్చినవారెవరో తెలుసుకొనవలెనన్నది ఆమె కోరిక.

అందుకై వారు తలుపుకు వేర్వేరు ఎత్తులలో నాలుగు రంధ్రాలు చేసి, వాటి వెనుక పైకి క్రిందికి జరిగే కెమెరాను అమర్చే విధానాన్ని రూపొందించినారు. ఆ బొమ్మ పడకగదిలోని తెర మీద కనబడుతుంది. బయటి మనిషితో మాట్లాడవచ్చు. మీట నొక్కి గడియ తీయవచ్చు. అపాయమని తోస్తే హెచ్చరిక పంపవచ్చు. 1966లో దరఖాస్తు చేయగా 1969 డిసెంబరు 2న వారికి పేటెంటు లభించినది. నేటి గృహరక్షణ వ్యవస్థలన్నిటికీ మూలం ఆ దంపతుల ఆలోచనలో కనబడుతుంది. భయపడిన ఒక స్త్రీ కోరిక నుండి ఈ శాస్త్రం ఇంటికి వచ్చినదన్న సంగతి మనం మరువరాదు.

కావలసిన పరికరాలు

ఏ కాపలా వ్యవస్థకైనా నాలుగు అంగాలు ఉండవలె: చూచే కన్ను, ఆలోచించే మెదడు, దాచుకొనే జ్ఞాపకం, పిలిచే గొంతు. కన్ను అంటే కెమెరా. మెదడుగా రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు చాలును. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో విద్యార్థుల కోసం రూపొంది 2012లో వెలువడిన ఈ పరికరం ఇంచుమించు అరచేతిలో ఇముడుతుంది. ఇంట మూలపడిన పాత కంప్యూటరు ఉన్నా సరే, దానిలో లినక్స్ వేసి వాడుకొనవచ్చు. జ్ఞాపకానికి హార్డ్ డిస్కు, గొంతుకు చిన్న గంట లేదా మన ఫోనుకు చేరే సందేశం.

మెదడుకు ఆలోచన నేర్పేది మోషన్ అనే సాఫ్ట్‌వేరు. ఇది ఉచితం, దీని నిర్మాణ రహస్యం అందరికీ తెరచి ఉంచబడినది. ఇది పనిచేసే తీరు సులువుగా తెలుసుకొనదగినది. కెమెరా పంపే ప్రతి చిత్రమూ వేలాది చుక్కల కూర్పు. ఇప్పటి చిత్రంలో ఎన్ని చుక్కలు ఇంతకుముందు ఉన్న దృశ్యానికి భిన్నంగా మారినవో ఈ సాఫ్ట్‌వేరు లెక్కిస్తుంది. ఆ సంఖ్య మనం విధించిన హద్దును దాటితే ‘ఏదో కదలినది’ అని నిర్ణయించి చిత్రీకరణ ప్రారంభిస్తుంది. దీనిలో మొదట ఉండే హద్దు 1500 చుక్కలు. మన చిత్రం 1280 × 960 కొలతలో ఉంటే మొత్తం చుక్కలు 12,28,800. అంటే వేయింటికి ఒకటికి పైగా మారితే చాలును, గంట మ్రోగుతుంది. అద్దం మీద ప్రాకే బల్లి, గాలికి ఊగే వేపకొమ్మ కూడా ఇంత మార్పు తేగలవు. నాకు మొదటి రాత్రి వచ్చిన సందేశాలలో హెచ్చు భాగం ఒక సాలెపురుగు చలవే. హద్దును నూటికి ఒక వంతు వరకు, అనగా సుమారు 12,000 చుక్కలకు పెంచిన తరువాత ఆ బాధ చాలా తగ్గినది.

ఎక్కడ అమర్చవలె

కెమెరాను ఎంత ఎత్తున, ఎంత దూరాన పెట్టవలెనన్నది ఊహతో గాక లెక్కతో తేల్చుకొనవలసిన విషయం. రాస్‌బెర్రీ పై వారి రెండవ తరం కెమెరా అడ్డంగా 62.2 డిగ్రీల మేర చూస్తుంది. త్రికోణమితి ప్రకారం, దూరాన్ని 1.2తో గుణిస్తే అక్కడ దానికి కనబడే వెడల్పు వస్తుంది. 5 మీటర్ల దూరంలో 6 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల దూరంలో 12 మీటర్ల వెడల్పు అన్నమాట.

అపరిచితుని ముఖాన్ని నిశ్చయంగా గుర్తుపట్టేందుకు ఒక్కొక్క మీటరు వెడల్పుకు 250 చుక్కలు, తెలిసిన మనిషిని పోల్చుకొనేందుకు 125 చుక్కలు, ఎవరో ఉన్నారని తెలిసేందుకు 25 చుక్కలు అవసరమని అంతర్జాతీయ ప్రమాణం. అడ్డంగా 1280 చుక్కలున్న మన కెమెరా ఈ లెక్కన సుమారు 4 మీటర్ల వరకు కొత్త ముఖాన్ని, 8 మీటర్ల వరకు తెలిసిన వానిని చూపగలదు. ఆ పైన కనబడేది మనిషి ఆకారమే. కనుక మిద్దె మీద పెట్టి వీధినంతా చూడవలెనన్న ఆశ వ్యర్థం. మనుషులు తప్పక నడిచే గేటుకు, గుమ్మానికి చేరువగా, చేతికి అందని ఎత్తున పెట్టినదే పనికి వస్తుంది. మరీ ఎత్తున పెడితే ముఖానికి బదులు తలపాగా కనబడుతుంది.

రాత్రి చూపు

దొంగ రాత్రి వస్తాడు. కనుక కెమెరాకు రాత్రి చూపు ఉండవలె. మన కంటికి కనబడని పరారుణ కిరణాలను సిలికాన్‌తో చేసిన కెమెరా గ్రహించగలదు. పగటి రంగులు చెడకుండా మామూలు కెమెరాలలో ఈ కిరణాలను ఆపే జల్లెడ ఉంటుంది. అది లేని కెమెరాను తీసుకొని, ప్రక్కన పరారుణ దీపాలను అమర్చుకొనవలె. 850 నానోమీటర్ల దీపం కొద్దిగా ఎర్రగా మెరుస్తుంది, దూరం చూపుతుంది. 940 నానోమీటర్ల దీపం కంటికి కనబడదు, కాని చూపు తగ్గుతుంది. కిటికీ అద్దం వెనుక మాత్రం పెట్టరాదు. దీపపు కిరణాలు అద్దం మీద పడి వెనుకకు మళ్ళి, చిత్రమంతా తెల్లబారిపోతుంది.

దేహపు వేడిమిని పసిగట్టే పి.ఐ.ఆర్. పరికరాన్ని కూడా తోడు చేసుకొనవచ్చు. మానవదేహం నుండి వెలువడే వేడికిరణాల తరంగదైర్ఘ్యం సుమారు 9 మైక్రాన్లు. ఈ పరికరం వాటి మార్పును గమనిస్తుంది. అయితే మన ప్రాంతపు వేసవిలో గోడలూ గాలీ దేహమంత వేడెక్కినప్పుడు భేదం తెలియక ఇది మందగిస్తుంది. పరదేశపు పుస్తకాలలో ఈ హెచ్చరిక అరుదు. మన రోహిణీకార్తెలో మాత్రం అనుభవానికి వస్తుంది.

నిల్వ, విద్యుత్తు

సెకనుకు 20 లక్షల బిట్ల చొప్పున చిత్రీకరించే ఒక కెమెరా దినానికి 21.6 గిగాబైట్లను నింపుతుంది. రెండు కెమెరాలు ఎడతెగక పనిచేస్తే 1 టెరాబైటు డిస్కు 23 దినాలలో నిండుతుంది. కదలిక ఉన్నప్పుడే చిత్రీకరిస్తే అదే డిస్కు నెలల తరబడి చాలును. కంప్యూటరులోని చిన్న మెమరీ కార్డు మీదనే నిరంతరం వ్రాస్తే అది త్వరగా పాడవుతుంది. అందుకే వేరుగా డిస్కు ఉండవలె.

కరెంటు పోయినప్పుడు కెమెరా కూడా కన్ను మూస్తే ప్రయోజనమేమి? 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 84 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. మన వ్యవస్థకు 15 వాట్లు అవసరమనుకొంటే, నష్టాలు పోగా మూడు నాలుగు గంటలు నడుస్తుంది.

కాపలా కన్నుకు కాపలా

ఇంటర్నెట్‌కు కలిపిన కెమెరా రెండు వైపులా తెరచుకొనే తలుపు వంటిది. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము, తయారైనప్పటి సంకేతపదాలు మార్చని కెమెరాలను, రికార్డర్లను లక్షల సంఖ్యలో లోబరచుకొన్నది. ఆ సంవత్సరం అక్టోబరు 21న వాటితో చేసిన దాడి వలన అమెరికాలో పెక్కు ప్రసిద్ధ సైట్లు కొన్ని గంటలపాటు అందకుండా పోయినవి. తమ గుమ్మపు కెమెరా ఆ సేనలో చేరినదని ఆ ఇంటివారికి తెలియదు. కనుక సంకేతపదాన్ని మొదటి దినమే మార్చవలె. సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు సరిచేసుకొనవలె. రౌటరులో ద్వారం తెరచి కెమెరాను నేరుగా లోకానికి చూపరాదు. బయటి నుండి చూడవలసివస్తే వైర్‌గార్డ్ వంటి రహస్య మార్గాన్ని వాడుకొనవలె.

పొరుగువారి పెరడు

ఇంతవరకు చెప్పినది యంత్రం సంగతి. నేను నేర్చుకొన్న ముఖ్యపాఠం యంత్రానికి సంబంధించినది కాదు. కెమెరా పెట్టిన వారం దినాలకు ప్రక్కింటి పెద్దామె గోడ దగ్గర నిలబడి, “మాస్టారూ, మీ కెమెరాకు మా బావిగట్టు కనబడుతుందా?” అని మెల్లగా అడిగినది. కనబడదని చెప్పబోయి ఆగినాను. లోపలికి వెళ్ళి చూచినాను. తెర మీద ఒక మూలగా ఆ బావిగట్టు స్పష్టంగా ఉన్నది. ఆ ఇంటి ఆడపిల్లలు నీళ్ళు తోడుకొనే చోటు అది. ఏడు దినాల చిత్రాలు నా డిస్కులో ఉన్నవి. నా మోటారు పోయినందుకు నేను బాధపడినాను. కాని నేనెరుగకయే ఆ ఇంటి మరుగును తీసుకొన్నాను.

ఇతరుల ఇంట అనుమతి లేనిదే అడుగిడరాదని ఖురాన్‌లోని నూర్ అధ్యాయం, ఇతరుల గుట్టు వెదకరాదని హుజురాత్ అధ్యాయం ఆదేశిస్తున్నవి. అడుగుకు ఉన్న హద్దు చూపుకూ ఉన్నదని ఆ దినం నాకు తెలిసివచ్చినది. వెంటనే ఆ చిత్రాలను చెరిపి, కెమెరాను త్రిప్పినాను. అయినా మిగిలిన కొద్దిపాటి భాగాన్ని మోషన్‌లోని మరుగు సదుపాయంతో కప్పినాను. నల్లరంగు పూసిన పటాన్ని దానికి ఇస్తే, ఆ మేర ఏదీ చిత్రంలోకి రాదు. పిదప ఆ పెద్దామెను పిలిచి తెర చూపించినాను. “ఇక దిగులు లేదు మాస్టారూ” అన్నది. మా అమ్మీ కూడా ఆ దినమే, “ఇంటి లోపల మాత్రం పెట్టకు బేటా” అని ఖండితంగా చెప్పినది. పెట్టలేదు.

చట్టమూ ఇదే చెబుతున్నది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పినది. స్త్రీ ఏకాంతంలో ఉన్న వేళ చాటుగా చూచుట, చిత్రించుట భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను క్రింద నేరం. ఇక దొంగ దొరికినప్పుడు మన చిత్రం సాక్ష్యంగా నిలవవలెనంటే 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ధృవపత్రం జతపరచవలె. మూలచిత్రాన్ని కత్తిరించక, దిద్దక భద్రపరచుట అవసరం. కెమెరా గడియారం సరియైన కాలం చూపకపోతే ఆ సాక్ష్యానికి విలువ తగ్గుతుంది.

ముగింపు

కెమెరా దొంగను పట్టుకొనదు. తాళానికీ వీధిదీపానికీ ఇరుగుపొరుగు మంచితనానికీ అది ప్రత్యామ్నాయం కాదు. అది సాక్షి మాత్రమే. అయినా నేడు మా అమ్మీ తలుపు చప్పుడు వినగానే తెర వైపు చూచి, తెలిసినవారైతే లేచి వెళ్ళి తలుపు తీస్తున్నది. నేను పడిన శ్రమకు ఆ ఫలం చాలును.

విద్యార్థులు పదిమంది కలిస్తే ఇట్టి వ్యవస్థను ఒక సెలవు కాలంలో నిర్మించగలరు. మన సైకిల్ స్టాండుకూ గ్రంథాలయ ద్వారానికీ అట్టిది ఒకటి నిర్మించే అవకాశాన్ని వారికి కల్పించవలసినదిగా కళాశాల కార్యవర్గాన్ని వినయపూర్వకంగా కోరుతున్నాను. అయితే పరికరం కొనుటకు ముందే మూడు మాటలు కాగితం మీద వ్రాసుకొనవలె: చిత్రాన్ని ఎవరు చూడవచ్చును, ఎన్ని దినాలు ఉంచవలెను, ఏ ఏ చోట్ల కెమెరా పెట్టరాదు. విద్యార్థినుల విశ్రాంతి గది వైపు, వజూ చేసే చోటు వైపు ఆ కన్ను తిరగరాదు. ఇతరుల మరుగును కాపాడినప్పుడే అది మనకు కాపలా కాగలదు.