76 మిలియన్లకు తగినవాడేనా?

2025 ఏప్రిల్‌లో అరిజోనా కార్డినల్స్ జట్టు ట్రే మెక్‌బ్రైడ్ అనే పాతికేళ్ళ ఆటగాడితో 4 ఏళ్ళకు 76 మిలియన్ డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. మన లెక్కలో చెప్పాలంటే 7 కోట్ల 60 లక్షల డాలర్లు. మా బడిలో పెద్ద తరగతి పిల్లలకు ఇలాంటి అంకెలు గుణింతాల కంటే బాగా నోటికి వచ్చు. పెద్దవాళ్ళు మాత్రం "బంతి పట్టుకున్నందుకు అంత డబ్బా!" అని ముక్కున వేలేసుకుంటారు. ప్రశ్న సబబైనదే. అయితే కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చుంటే జవాబు కొంతవరకు దొరుకుతుంది. ఆ లెక్క ఎలా వేయాలో పిల్లలకూ పెద్దలకూ కలిపి ఇక్కడ చెప్పే ప్రయత్నం చేస్తున్నాము.

మెక్‌బ్రైడ్ ఆడే స్థానం పేరు టైట్ ఎండ్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడటానికి ముందు వరుసలో అయిదుగురు భారీకాయులు నిలబడతారు. వాళ్ళ పని అడ్డుకోవడమే, బంతి పట్టడం కాదు. దూరంగా అంచున నిలబడే వైడ్ రిసీవర్ల ముఖ్యమైన పని పరుగెత్తి బంతి పట్టడం. టైట్ ఎండ్ ఈ రెండు రకాల వాళ్ళకూ మధ్యవాడు. ఒక ఆటలో ఎదుటివాడిని భుజంతో ఆపాలి, మరుసటి ఆటలో బంతి కోసం పరుగెత్తాలి. క్రికెట్ తెలిసినవారికి వికెట్ కీపర్ బ్యాట్స్‌మన్‌తో పోలిస్తే సులువుగా అర్థమవుతుంది. స్కోరుబోర్డు మీద పరుగులు కనబడతాయి కానీ, అతను వికెట్ల వెనక ఆపిన బంతులు ఎక్కడా కనబడవు. టైట్ ఎండ్ అడ్డుకున్న ఆటలూ అంతే. పేపర్లో అంకెలు మాత్రమే చూసి అతని విలువ కడితే సగం పని లెక్కలోకి రాదు.

ఇక కనబడే అంకెలు చూద్దాం. ఇందులో యార్డు అంటే మన గజమే. మెక్‌బ్రైడ్‌ను 2022 డ్రాఫ్ట్‌లో కార్డినల్స్ రెండో రౌండులో, మొత్తం మీద 55వ వాడిగా ఎంచుకుంది. మొదటి ఏడాది అతను పట్టినవి 29 బంతులు, వచ్చినవి 265 గజాలు. అప్పట్లో అదే జట్టులో జాక్ ఎర్ట్జ్ అనే అనుభవజ్ఞుడు ఉండేవాడు, కుర్రవాడు ఆయన వెనక వేచి ఉండాల్సి వచ్చింది. 2023 అక్టోబరులో ఎర్ట్జ్‌కు గాయమయ్యాక చోటు ఖాళీ అయింది. ఆ ఏడాది మెక్‌బ్రైడ్ 81 బంతులు పట్టి 825 గజాలు సాధించాడు. 2024లో 111 బంతులు, 1,146 గజాలు. మొదటి ఏడాది చూసి "వీడి వల్ల కాదు" అని తేల్చేసినవారు ఉంటే తొందరపడ్డట్టే. ఈ స్థానంలో రెండు పనులు నేర్చుకోవాలి కాబట్టి చాలామందికి కుదురుకోవడానికి ఒకటి రెండేళ్ళు పడుతుంది.

కాని ఇందులో ఒక లోటు ఉంది. 2024లో 111 బంతులు పట్టినవాడు పట్టిన టచ్‌డౌన్లు రెండే రెండు. గజాలను బంతులతో భాగిస్తే ఒక్కోదానికి 10 గజాల చిల్లర. అంటే దూరపు బంతులు అందుకుని ఒక్క దెబ్బతో ఆట మార్చేసేవాడు కాదు. అవసరమైనప్పుడల్లా క్వార్టర్‌బ్యాక్‌కు దగ్గరలో అందుబాటులో ఉండే నమ్మకస్తుడు. ఇది తక్కువ విలువైనది కాదు కానీ, వేరే రకం విలువ.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ కైల్ పిట్స్. 2021లో అట్లాంటా ఫాల్కన్స్ అతన్ని 4వ వాడిగా ఎంచుకుంది. డ్రాఫ్ట్ చరిత్రలో ఏ టైట్ ఎండ్‌కూ అంత ముందు పిలుపు రాలేదు. తొలి ఒప్పందమే దాదాపు 33 మిలియన్లు. మొదటి ఏడాది 68 బంతులకే 1,026 గజాలు, అంటే ఒక్కోదానికి 15. అందరూ ఆహా అన్నారు. మరుసటి ఏడాది మోకాలి గాయంతో 10 ఆటలే ఆడి 356 గజాల దగ్గర ఆగాడు. 2023లో 667, 2024లో 602. ఒక్క ఏడాది చూసి భవిష్యత్తు కొలవడం ఎంత కష్టమో ఈ ఇద్దరినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. పిట్స్ మొదటి ఏడాది చూసి ఎవరైనా పెద్ద ఒప్పందం రాసి ఉంటే చేతులు కాలేవి.

ఇప్పుడు డబ్బు సంగతి. ఆఫర్ లెటర్లు చూసిన తల్లిదండ్రులకు ఇది తేలికగా బోధపడుతుంది. జీతం, బోనసు, స్టాకు అన్నీ కలిపి పెద్ద అంకె చూపిస్తారు కానీ, ఉద్యోగం మధ్యలో పోతే అదంతా చేతికి రాదు. ఈ ఒప్పందాలూ అలాంటివే. మెక్‌బ్రైడ్ 76 మిలియన్లలో గ్యారంటీ అన్నది 43 మిలియన్లు. మిగతాది అతను జట్టులో ఉంటేనే. పైగా పాత ఒప్పందంలో ఇంకో ఏడాది ఉండగానే ఈ 4 ఏళ్ళు కలిపారు. ఆ తక్కువ జీతం ఏడాదిని కూడా కలుపుకుంటే సగటు 19 మిలియన్ల కంటే తగ్గుతుంది. పిల్లలతో వాదన వచ్చినప్పుడు ముందు అడగవలసినది "గ్యారంటీ ఎంత?" అనే.

రెండోది జీతాల పరిమితి. ప్రతి జట్టూ ఏడాదికి ఇంతకు మించి ఖర్చు పెట్టరాదని లీగ్ ఒక హద్దు పెడుతుంది. 2025లో అది 279.2 మిలియన్లు. అందులో 19 అంటే నూటికి 7 కంటే కాస్త తక్కువ. పదకొండేళ్ళు వెనక్కి వెళ్దాం. 2014లో న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ టైట్ ఎండ్ జిమ్మీ గ్రేహమ్ 4 ఏళ్ళకు 40 మిలియన్లు తీసుకున్నాడు. అప్పటి పరిమితి 133 మిలియన్లు. ఏడాదికి 10 అంటే నూటికి ఏడున్నర! డాలర్లలో మెక్‌బ్రైడ్‌ది దాదాపు రెట్టింపు, వాటాలో మాత్రం గ్రేహమ్‌దే పెద్దది. మన నాన్నగారి కాలపు జీతాన్ని ఈ కాలపు జీతంతో పోల్చేటప్పుడు మనం బియ్యం ధర అడుగుతామే, అదే పద్ధతి.

గ్రేహమ్ కథలో ఇంకో తమాషా ఉంది. ఆ ఏడాది సెయింట్స్ అతని మీద ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసింది, అంటే ఒక ఏడాదికి నిర్ణీత జీతం ఇచ్చి అట్టిపెట్టుకునే హక్కు. టైట్ ఎండ్‌కు ఆ జీతం సుమారు 7 మిలియన్లు, వైడ్ రిసీవర్‌కు 12 పైన. "నేను ఎక్కువసార్లు నిలబడేది రిసీవర్ల చోటే, కాబట్టి నేను రిసీవర్‌నే" అని అతను వాదించాడు. మధ్యవర్తి స్టీఫెన్ బర్బ్యాంక్ 2014 జూలైలో కాదు, టైట్ ఎండే అని తీర్పు చెప్పాడు. ఒక్క పేరు తేడా, 5 మిలియన్లు! ఈ స్థానం వాళ్ళకు ఈ అన్యాయం ఇంకా పూర్తిగా తీరలేదని మా అభిప్రాయం. 2025 మార్చిలో సిన్సినాటి రిసీవర్ జమార్ చేస్ ఏడాదికి 40 మిలియన్ల పైచిలుకు సగటుతో సంతకం చేశాడు. అతని 2024 అంకెలు, 17 టచ్‌డౌన్లతో సహా, మెక్‌బ్రైడ్ కంటే చాలా మెరుగే. అయినా సగానికి సగం కూడా రాకపోవడం ఎందుకో, అడ్డుకునే పనికి ఎవరూ ధర కట్టకపోవడం ఎందుకో ఆలోచించవలసిందే.

మరి కార్డినల్స్ బేరం గిట్టుబాటైందా? మాకు తోచినంతవరకు అయింది. 2025లో మెక్‌బ్రైడ్ 126 బంతులు పట్టి, టైట్ ఎండ్లలో ఒకే ఏడాది అత్యధికం అనే రికార్డు నెలకొల్పాడు. అంతకు ముందు రికార్డు 2018 నాటి 116, అది ఎవరిదో కాదు, అతను ఎవరి వెనక వేచి ఉన్నాడో ఆ ఎర్ట్జ్‌దే. టచ్‌డౌన్లు కూడా 2 నుంచి 11కు పెరిగాయి. అయితే జట్టు 17 ఆటల్లో 3 మాత్రమే గెలిచింది. ఓడిపోతున్న జట్టు వెనకబాటు తీర్చుకోవడానికి బంతి ఎక్కువగా విసురుతుంది, దానివల్ల పట్టేవాడి అంకెలు కొంత ఉబ్బుతాయి. ఆ మేరకు తగ్గించుకున్నా 19 మిలియన్లు ఎక్కువని అనలేము.

ఒప్పందం 2029 దాకా ఉంది. ఆ ఏడాది నవంబరులో అతనికి 30 నిండుతాయి. దెబ్బలు ఇచ్చీ పుచ్చుకునే ఈ స్థానంలో శరీరం త్వరగా అలసిపోతుంది. రాబ్ గ్రాంకౌస్కీ అంతటివాడే గాయాల బాధతో 2019లో 29 ఏళ్ళకే మొదటిసారి విరమించి, తర్వాత తిరిగి వచ్చాడు. 2029లో మెక్‌బ్రైడ్ మళ్ళీ బేరానికి కూర్చున్నప్పుడు జట్టువాళ్ళు చూసేది 126 అనే అంకెను కాదు, అతని మోకాళ్ళను.