కాగడా



మన గ్రామములనుండి ఎందఱో యువకులు ఉద్యోగపరీక్షలకు చదువుకొనుటకై హైదరాబాదులోని అశోక్ నగరునకు వచ్చుచున్నారు. వారిలో నొకని ‘కాగడా’ యన నేమని యడిగినచో, పూలబుట్టలోని తెల్లని కాగడా మల్లెను చెప్పవచ్చును. ఊరిలోని తాతగారి నడిగినచో, మండెడి వెలుగును చెప్పుదురు. ఇరువురి మాటయు సత్యమే. ఒక్క పదములో నిన్ని యర్థములు చేరిన విధమును నేడు విచారింతము.

కొయ్యకు గుడ్డపేలికలు బిగించి, నూనెలో తడిపి వెలిగించు చేతివెలుగు కాగడా. దివిటీ యన్నను నిదియే. మరాఠీలో ‘కాకడా’ యనగా గుడ్డతో పేనిన లావువత్తి. పండరిపురమున వేకువను విఠ్ఠలున కిచ్చు హారతికి ఆ వత్తినిబట్టియే కాకడ ఆరతి యని పేరు. షిరిడీనుండి మన సాయిమందిరములకు వచ్చిన కాగడా హారతియు నట్టిదే. అచ్చట కాగడా యన్న వేకువపూజ. మిక్కిలి యరుదైన దానిని ‘కాగడా పెట్టి వెదకినను దొరకదు’ అందుము. అచ్చట నది శ్రద్ధగల వెదకులాట.

మీ తరమువా రెఱిగిన యర్థము వేఱొకటి కలదు. ఊరేగింపులందును, వీధిభాగవతములందును కాగడా పట్టు పని పెక్కు గ్రామములలో రజకుల పాలబడెడిది. నిజాము కాలమున తెలంగాణములోని దొరల గ్రామములందు అట్టి పనులు కూలిలేని వెట్టిగా సాగెను. వెలుగు పల్లకిలోనివారికి, పొగయు వేడియు పట్టినవానికి. వాని కది చాకిరి.

కాలము మాఱినది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమమున విద్యార్థులు కాగడాల ప్రదర్శనలు జరిపిరి. 2014లో రాష్ట్ర మేర్పడినది. నేడు కాగడాతో వీథికి వచ్చుట యనగా తన కోర్కెను లోకమునకు తెలుపుట. తాతలు పరుల త్రోవకై పట్టినదానిని మనుమలు తమకొఱకు పట్టిరి.

ఇపుడు చేతివెలుగు సెల్లుఫోనులో చేరినది. నిన్న సెల్లనగా బ్యాటరీలైటులో వేయు గుండ్రని దిమ్మ; నేడు మాటలాడు యంత్రము. వస్తువు మఱుగైనపుడు దాని కథయు మఱుగగును. కావున మనుమడు సెలవులకు వచ్చినపుడు, మీ యూర కాగడా నెవరు పట్టెడివారో, అందుకు వారి కేమి ముట్టెడిదో చెప్పుడు. పూవు సంగతి వానికి తెలియును.