సభ్యత్వం ఎవరి పేర, సొమ్ము ఎవరిది?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మున్సిపాలిటీ లెక్కల ప్రస్తావన వస్తే రెండు మాటలు వినిపిస్తుంటాయి. ప్రైవేటు సంఘానికి సర్కారు సొమ్ము పోతే అది దోపిడీయే అని ఒకరు, ఇచ్చేశాక అడిగే హక్కు లేదని ఇంకొకరు. రెండూ తప్పే.

అపోహ: ప్రైవేటు సంస్థ సభ్యత్వానికి ప్రజాధనం కట్టడం ఎప్పుడైనా నేరమే.

వాస్తవం: 1934లో పుట్టిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రభుత్వ శాఖ కాదు, రిజిస్టరైన సొసైటీ. అయినా రోడ్డు వేసే ఇంజినీరు తిరగేసేది దాని ప్రమాణాలనే. అలాంటి చోట కార్యాలయం పేర సభ్యత్వం ఉంటే ఊరికి ఉపయోగమే. అదే, పదవిలో ఉన్న పెద్దమనిషి తన పేర క్లబ్బు సభ్యత్వం తీసుకుని బిల్లు మున్సిపాలిటీకి పంపితే? పదవి పోయినా కార్డు ఆయన జేబులోనే ఉంటుంది. దాన్ని ప్రజాప్రయోజనం అనడానికి నాకైతే నోరు రాదు.

అపోహ: పైవాళ్లు సంతకం పెడితే చాలు, డబ్బు కదులుతుంది.

వాస్తవం: బడ్జెట్‌లో పద్దు, మంజూరు, వోచరు ఉండాలి. తర్వాత స్టేట్ ఆడిట్ శాఖ ఆ లెక్కలు చూస్తుంది. తేడా వస్తే అభ్యంతరం రాస్తుంది.

అపోహ: మిర్యాలగూడ మిల్లర్లకు సర్కారు డబ్బు ముడుతుంది కాబట్టి వాళ్ల సంఘం కూడా సర్కారు సొమ్ముతో నడిచేదే.

వాస్తవం: ప్రభుత్వం వడ్లిస్తుంది, మిల్లు ఆడించి బియ్యం తిరిగిస్తుంది, క్వింటాలుకు పచ్చిబియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68. దానికి ముట్టేది పనికి కూలి. ఆ కూలిలోంచి సంఘానికి చందా కడితే అది మిల్లు యజమాని సొంత డబ్బు. సూర్యాపేట మార్కెట్ కమిటీ సంగతి వేరు. కొనుగోలుదారు కట్టే మార్కెట్ ఫీజు చట్టం ప్రకారం వసూలయ్యేది, అంటే ప్రజాధనమే. అందులోంచి ఏ సంఘానికి రూపాయి కట్టినా లెక్క చెప్పాలి.

అపోహ: తీసుకున్నది ప్రైవేటు సంఘం కాబట్టి సమాచార హక్కు కింద అడగలేం.

వాస్తవం: సంఘాన్ని అడగనక్కర్లేదు, కట్టిన కార్యాలయాన్ని అడగండి. వోచరు దాని దగ్గరే ఉంటుంది. సంఘానికి ప్రభుత్వ నిధులే ప్రధాన ఆధారమైతే అది కూడా 2005 చట్టం పరిధిలోకి రావచ్చు. నామమాత్రపు సాయం చాలదని 2013లో తలప్పళం సహకార బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మీ మున్సిపాలిటీలో అనుమానం ఉంటే పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. మంజూరు ఉత్తర్వు, తీర్మానం ఉంటే దాని ప్రతి, వోచరు, సభ్యత్వం ఎవరి పేర ఉందో తెలిపే రసీదు అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు వెళ్లండి.