కాలి ఎముకతో కొత్త దవడ

నోటి కేన్సర్ కింది దవడ ఎముకలోకి దిగితే ఆ ఎముకను కోసి తీసెయ్యక తప్పదు. గడ్డం దగ్గరి ముక్క పోయిందంటే నాలుకకు ముందువైపు పట్టు తప్పుతుంది. అది వెనక్కి జారి ఊపిరికి అడ్డం పడవచ్చు. చొంగ ఆగదు, అన్నం నమలలేరు, మాట స్పష్టంగా రాదు. దవడను మళ్లీ కట్టడం అందం కోసమే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, పాపం!

కొత్త దవడకు ఎముక ఎక్కువగా కాలి నుంచే వస్తుంది. మోకాలి కింద రెండు ఎముకలున్నా ఒంటి బరువు దాదాపు అంతా మోసేది పెద్దదే. బయటివైపు సన్నగా ఉండే ఫిబులాను పైనా కిందా ఆరేసి సెంటీమీటర్లు వదిలేసి తీసుకుంటే చాలామందికి నడకలో పెద్ద లోటు రాదు. 1975లో ఆస్ట్రేలియా సర్జన్ ఇయాన్ టేలర్ ఈ ఎముకను రక్తనాళాలతో సహా తీసి రెండో కాలికి అమర్చిన తీరును ప్రచురించాడు. అదే ఎముకతో దవడ కట్టే పద్ధతిని 1989లో అమెరికా సర్జన్ డేవిడ్ హిడాల్గో ప్రచురించాడు.

కీలకమంతా ఆ రక్తనాళాల్లోనే ఉంది. రక్తం అందని వట్టి ఎముకను పెడితే, ఆ తర్వాత ఇచ్చే రేడియేషన్‌కు అది నిలవడం కష్టం. అందుకే ఒక బృందం కణితి తీస్తుంటే మరో బృందం కాలి దగ్గర కూర్చుని ఎముకను నాళాలతో సహా తీస్తుంది. తిన్నని ఎముకను రెండు మూడు చోట్ల ఏటవాలుగా కోసి, దవడ వంపు తెచ్చి, టైటానియం ప్లేటుతో బిగిస్తారు. రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలను మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో మెడలోని నాళాలకు కుడతారు. ఎముకతో వచ్చిన పిక్క చర్మం నోటి లోపలి పొరగా మారుతుంది. కొందరికి అక్కడ వెంట్రుకలు మొలవడమూ ఉంది!

తర్వాతి రెండు మూడు రోజులు గండం. నర్సు గంటగంటకూ ఆ చర్మం రంగు చూస్తుంది. అవసరమైతే డాక్టర్ సూదితో గుచ్చి చూస్తారు. ఎర్రటి బొట్టు మెల్లగా ఊరితే మంచిదే. నల్లటి రక్తం గబగబా వస్తే సిర మూసుకుపోయిందని అర్థం. వెంటనే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాలి.

ఈ అవసరం కింది దవడకే కాదు, అంగిటికీ రావచ్చు. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్టను నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు వల్ల అంగిట్లో కేన్సర్ వస్తుంది. అంగిట్లో రంధ్రం చిన్నదైతే కట్టుడు పళ్లతో కలిపి చేసిన పలకతో మూయవచ్చు. పెద్దదైతే ఇలాంటి ఆపరేషనే కావాలి.

పొగాకు సన్నని నాళాలను కుదిస్తుంది కాబట్టి ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే మానెయ్యాలి. కణితిని ఎంతవరకు తీస్తారని డాక్టర్‌ను అడిగే రోజే, ఆ చోట ఏం పెడతారో కూడా అడగండి.