12.4 మినియేచర్ ఎఫెక్ట్: ఎడిటింగ్‌లో టిల్ట్-షిఫ్ట్ భ్రమ

స్పష్టతా పరిధి, అంటే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ సూత్రాన్ని ఈ భాగంలో తలకిందులుగా వాడుకుంటాం.

బొమ్మల కొలువులో ఒక బొమ్మను అడుగు దూరం నుంచి ఫొటో తీసి చూడండి. బొమ్మ ముఖం స్పష్టంగా ఉంటే వెనక మెట్టు మీదివి మసకబారతాయి. లెన్సు, అపెర్చర్ మార్చకుండా దూరాన్ని సగానికి తగ్గిస్తే స్పష్టతా పరిధి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. అదే వంద మీటర్ల అవతలి వీధిని మామూలు లెన్సుతో తీస్తే ఇంచుమించు అంతా స్పష్టంగా వస్తుంది. ఇటువంటి చిత్రాలు చూసి చూసి మన కంటికి ఒక లెక్క అలవాటైంది: ముందూ వెనకా బాగా మసకగా ఉంటే ఆ వస్తువు చిన్నది, దగ్గరలోనే ఉంది. నిజమైన వీధి ఫొటోకు ఆ మసకను మనమే అద్దితే కన్ను అదే లెక్క వేసి, ఆటోలను ఆటబొమ్మలనుకుంటుంది.

టిల్ట్-షిఫ్ట్ లెన్సులో ఈ పని చేసేది టిల్ట్, అంటే లెన్సును వంచడం. షిఫ్ట్ ఎత్తయిన భవనాల గీతలను నిటారుగా నిలపడానికి ఉపయోగపడుతుంది. ఈ భ్రమలో దాని పాత్ర లేదు. పేరు మాత్రం రెండింటినీ కలిపి స్థిరపడిపోయింది.

ఫొటో ఎంపికలోనే సగం పని ఉంది. పైనుంచి కిందికి చూస్తూ తీసినది కావాలి, ఎందుకంటే బొమ్మలను మనం అలాగే చూస్తాం. చార్మినార్ మొదటి అంతస్తు నుంచి కింది రోడ్డును తీసిన ఫొటో ఉందనుకోండి. ఉచితంగా దొరికే జింప్‌లో దాన్ని తెరిచి, లేయర్‌కు నకలు తీయండి. పై లేయర్‌కు గాసియన్ బ్లర్ ఇవ్వండి. 4000 పిక్సెళ్ల వెడల్పున్న చిత్రానికి 20 దగ్గర మొదలుపెట్టి చూడవచ్చు. ఆ లేయర్‌కు తెల్లని మాస్క్ జోడించండి. గ్రేడియంట్ సాధనంలో నలుపు నుంచి తెలుపుకు, బై-లీనియర్ ఆకారం ఎంచుకుని, స్పష్టంగా ఉండాల్సిన చోట మొదలుపెట్టి నిలువుగా పైకి లాగండి. మాస్క్‌లో నలుపున్న చోట కింది లేయర్ కనిపిస్తుంది కనుక, అడ్డంగా ఒక పట్టీ మాత్రమే స్పష్టంగా మిగులుతుంది. చివరగా శాచురేషన్ కొంచెం పెంచితే రంగులు బొమ్మలకు వేసిన పెయింటులా కనిపిస్తాయి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, దొరికిపోయేదీ ఇక్కడే. పట్టీలో నిలబడిన దీపస్తంభం అడుగు స్పష్టంగా, తల మసకగా ఉంటుంది. స్తంభమంతా కెమెరాకు ఇంచుమించు ఒకే దూరంలో ఉంది కదా! అందుకే మాస్క్ మీద నల్లని బ్రష్‌తో స్తంభం పొడవునా గీయండి. దాని చుట్టూ రంగు అంటినట్లు మసక మిగిలితే, బ్లర్ ఇవ్వడానికి ముందే పై లేయర్‌లో స్తంభాన్ని క్లోన్ సాధనంతో చెరిపేయాలి. ఓపిక పట్టాల్సిన పనే.

పత్రికారంగంలోకి వెళ్లదలచినవారు ఒకటి గమనించాలి. ఈ ప్రభావం ఏ దృశ్యాన్నైనా ముద్దుగా మారుస్తుంది. వరదలో ఇంటికప్పు ఎక్కిన మనుషులు కూడా బొమ్మలైపోతారు. పైగా మసక వెనక సమాచారం పోతుంది. వార్తాచిత్రానికి దీన్ని వాడకూడదు.

అభ్యాసం: మీ మేడ మీది నుంచి వీధిని తీసి, పై పద్ధతిలో మార్చండి. మాస్క్ సరిచేయాల్సి వచ్చిన వస్తువులేవో, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి.