చేపలలో చేరు విషము: రైతులు తెలిసికొనవలసిన సంగతులు

చెరువు నిండి అలుగు పారునపుడు చేపలు ఎదురెక్కుటయు, ఊరివారు వలలు, గాలములు పట్టుకొని పోవుటయు మన పల్లెలలో అందరూ ఎరిగినదే. చేప మంచి ఆహారము. కండపుష్టికి వలసిన మాంసకృత్తులు, పిల్లల మెదడు పెరుగుదలకు వలసిన క్రొవ్వు పదార్థములు అందులో గలవు. కాని రైతు సోదరులు ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. నీటిలో మనము కలిపిన విషము చేపలో చేరును. చేపనుండి మరల మన కంచములోనికే వచ్చును. ఈ సత్యమును లోకమునకు తెలిపిన ఊరు జపాను దేశములోని మినమాట.

మినమాటలో జరిగినది

మినమాట సముద్రతీరమున గల చిన్న పట్టణము. అచ్చటి రసాయన కర్మాగారమొకటి 1932 నుండి 1968 వరకు పాదరసము కలిసిన మురుగునీటిని సముద్రములోనికి విడిచినది. మొదట చేపలు చచ్చి తేలినవి. ఆ చేపలు తిన్న పిల్లులు మూర్ఛవచ్చి గిరగిర తిరిగి చచ్చినవి. తరువాత మనుష్యుల వంతు వచ్చినది. చేతులు, కాళ్ళు తిమ్మిరెక్కినవి, నడక తడబడినది, మాట ముద్దగా వచ్చినది, చూపు, వినికిడి తగ్గినవి. 1956 మే 1వ తేదీన ఈ వ్యాధి అధికారుల దృష్టికి వచ్చినది. దానికి కారణము పాదరసమేనని ప్రభుత్వము ప్రకటించుటకు 1968 వరకు పట్టినది. రెండువేల మందికి పైగా రోగులుగా గుర్తింపబడిరి.

అన్నిటికంటె శోచనీయమైన సంగతి మరొకటి కలదు. కొందరు తల్లులు పైకి ఆరోగ్యముగనే యుండిరి. వారి బిడ్డలు మాత్రము కాలుసేతులు స్వాధీనము లేక పుట్టిరి. తల్లి తిన్న విషము గర్భమందలి శిశువును చేరినది. వారు తిన్న చేపలకు చెడు వాసన లేదు, రుచి మారలేదు. కావున కంటితో చూచి, ముక్కుతో వాసన చూచి ఈ విషమును కనిపెట్టజాలము.

విషము ఎట్లు పెరుగును?

నీటిలోని విషము మొదట పాచిలో చేరును. పాచిని చిన్న పురుగులు, పురుగులను చిన్న చేపలు, చిన్న చేపలను పెద్ద చేపలు తినును. పిల్లకాలువలన్నియు పెద్దకాలువలో కలిసినట్లు, వందల చిన్న చేపలలోని విషము ఒక్క పెద్ద చేపలో కూడుకొనును. అందుచేత ఇతర చేపలను వేటాడి తినునవియు, ఎక్కువకాలము బ్రతుకునవియునగు పెద్ద చేపలలోనే పాదరసము హెచ్చుగా నుండును. అది చేప కండనే పట్టియుండును. కడిగినను, ఉప్పు, పసుపు రాచినను, ఎంతసేపు ఉడికించినను పోదు.

డి.డి.టి. వంటి మందులు చేప క్రొవ్వులో నిలువయుండును. తోలు, పొట్ట క్రొవ్వు తీసివేసినచో కొంత తగ్గును గాని పూర్తిగా పోదు. మన దేశములో డి.డి.టి.ని 1989లో సేద్యమునుండి తొలగించిరి. ఎండోసల్ఫానును 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసినది. పాదరసమును అదుపు చేయుటకై 2013లో కుదిరిన మినమాట ఒప్పందమును మన దేశము 2018లో ఆమోదించినది.

మన పొలము, మన చెరువు

మన ఊరిలో పెద్ద కర్మాగారము లేదు, మనకేమి భయమని కొందరు అనుకొనవచ్చును. పొలములో చల్లిన మందు వాననీటితో కాలువకు, కాలువనుండి చెరువునకు చేరును. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులు బహు స్వల్పముగా కలిసినను చేపలను చంపును. డబ్బామీది ముక్కోణపు రంగు మనుష్యులకు, పశువులకు గల అపాయమును బట్టి వేసినది. ఎరుపు కాదు గదా యని చేపలకు హాని లేదని తలంపరాదు.

ఇక, కాలువలో పురుగుమందు పోసి చేపలు పట్టుట మహా పాపము, నేరము కూడ. నీటిలో విషము కలిపి చేపలు పట్టుటను 1897లోనే చట్టము నిషేధించినది. అట్లు పట్టిన చేపలను తిన్నవారి ప్రాణములకు, ఆ నీరు త్రాగిన పశువులకు ముప్పు కలుగును.

పాటింపవలసిన జాగ్రత్తలు

1. వానపడు సూచన యున్నప్పుడు, గాలి చెరువువైపు వీచునప్పుడు మందు చల్లరాదు.

2. వరిపొలములో మందు చల్లుటకు ముందు మడవ కట్టవలెను. మందు కలిసిన నీటిని వెంటనే కాలువలోనికి వదలరాదు.

3. స్ప్రేయరును, డబ్బాలను చెరువులో, కాలువలో కడుగరాదు. కడిగిన నీటిని పైరుమీదనే చల్లవలెను. ఖాళీ డబ్బాలను గృహావసరములకు వాడరాదు.

4. చేపలు ఒక్కసారిగా చచ్చి తేలినచో వాటిని తినరాదు, అమ్మరాదు, కోళ్ళకు వేయరాదు. పశువులను ఆ నీటికి తోలరాదు. వెంటనే గ్రామాధికారికి, మత్స్యశాఖవారికి తెలుపవలెను.

5. అట్టి చేపలు తిని వాంతులు, చెమటలు, వణుకు కలిగినవారిని తడవు చేయక ఆసుపత్రికి చేర్చవలెను. మందు డబ్బా దొరకినచో దానిని వైద్యునకు చూపవలెను.

చేపలు మానవలెనా?

అక్కరలేదు. శుభ్రమైన నీటిలో పెరిగిన బొచ్చె, శీలావతి, సముద్రపు కవళ్ళు వంటివి నిర్భయముగా తినవచ్చును. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, చిన్నపిల్లలు మాత్రము సొర, కొమ్ముకోనాం వంటి పెద్ద వేటచేపలను మానుట మంచిది. కర్మాగారముల మురుగు కలియు వాగులలో, చెరువులలో పట్టిన చేపలను ఎవరును తినరాదు.

గ్రామాధికారులు ఈ సంగతులను గ్రామసభలలో చదివి వినిపింపవలెను. చేపలు చచ్చినవని కబురు వచ్చినచో, అవి సంతకు చేరకముందే ఆపింపవలెను. చెరువు ఊరందరిది. ఒకరు పారబోసిన మందు ఇంకొకరి బిడ్డ కంచములో పడకుండ చూచుట మనందరి బాధ్యత.